పాటకు బద్లీ పెట్టిన ఆఫీసరమ్మ

ముందు ఆ ఫోటో సంగతి

మా మిల్లు మూతపడి ఏళ్లయినా, పాత ఆఫీసర్లు ఏడాదికొకసారి సింగానల్లూరులో ఒక కల్యాణమండపంలో కలుస్తారు. భోజనాలయ్యాక ఎవరో ఒకరు నా కథ ఎత్తుకుంటారు. రీలింగ్ షెడ్‌లో ఇరవై ఆరు మంది ఆడవాళ్లు తలా ఒక దిక్కు చూస్తూ ఉన్నారట. వెల్ఫేర్ ఆఫీసరమ్మ వచ్చి వాళ్లకి పాట నేర్పిందట. ఆ పాటతో అందరూ ఒక్క కుటుంబమైపోయారట. సాక్ష్యానికి ఒక ఫోటో కూడా చేతులు మారుతుంది. పన్నెండు మంది ఆడవాళ్లు, చేతుల్లో బహుమతికొచ్చిన స్టీలు బిందెలు, నడుమ పట్టుచీరలో నేను, బిందెలకంటే ఎక్కువగా మెరుస్తూ.

ఆ కథలో నిజమైనది పట్టుచీర ఒక్కటే. నేను ఆ మిల్లు గేటు చూడకముందు నుంచే వాళ్లు పాడుతూ ఉన్నారు. నేను చేసిందల్లా ఆ పాటను బాగుచేస్తానని పోయి చెడగొట్టడం. పైగా నాకు పాట రాదు. చిన్నప్పుడు ఉయ్యాల దగ్గర నేను లాలి ఎత్తుకుంటే మా తమ్ముడు ఏడుపు పెంచేవాడని మా అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి కూతురు తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో హెచ్.ఆర్. ఉద్యోగంలో చేరింది. వాళ్లు ప్రతి శుక్రవారం సాయంత్రం పనివాళ్లందరి చేతా కలిసి పాడిస్తారట. "కలిసి పాడితే బంధం పెరుగుతుంది పెద్దమ్మా, నీకు తెలియనిదా" అంది. తెలుసు. ఎట్లా పెరుగుతుందో తెలుసు, ఎట్లా తెగుతుందో ఇంకా బాగా తెలుసు. ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఆ రెండోది కూడా తెలుసుకుంటే మంచిది.

షెడ్‌లో ఉండిన పాట

స్పిన్నింగ్ హాల్లో పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు. రీలింగ్ షెడ్ వేరు. కండెల మీది నూలును పెద్ద చట్రం మీదికి చుట్టి, కట్టలు కట్టే పని అక్కడ. యంత్రాల రొద తక్కువ, ఆడవాళ్లే ఎక్కువ. ఇరవై ఆరు మందీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. తరాల కింద ఈ తమిళదేశం వచ్చిన కుటుంబాలు. కొందరు కారమడ రంగనాథుడికి మొక్కేవాళ్లు, కొందరు ఆదివారం చర్చికి పోయేవాళ్లు. కొందరివి కాస్త పొలమున్న ఇళ్లు, కొందరివి ఏనాడూ సెంటు భూమి ఎరగని ఇళ్లు.

పొద్దున షిఫ్టులో చేతులు పనిలో కుదురుకోగానే మారక్క మొదలుపెట్టేది. షెడ్‌లో అందరికంటే పెద్దది మారక్క. పళ్లు తక్కువ, గొంతు ఎక్కువ.

"మా ఇంటి కోడి మబ్బునే కూసె" అని ఆమె అంటే, అందరూ "కూసెనే కూసె" అనేవాళ్లు. తర్వాత ఎస్తరు: "మా ఇంటి పాలు పొంగి పొయ్యి పాలాయె." "ఆయెనే ఆయె." ఆ తర్వాత రాజామణి: "మా ఇంటాయన అలిగి కూడు మానె." అందరూ నవ్వుతూ "మానెనే మానె." ఇట్లా ఇరవై ఆరు మందికీ తలా ఒక వంతు. ఎవరి వంతు వాళ్లదే. ఆ పొద్దు ఆమె ఇంట్లో ఏమి జరిగిందో అదే మాట. రాత్రి దెబ్బలు తిన్నది కూడా పాటలోనే చెప్పేది, రాగి సంకటి మాడింది కూడా పాటలోనే చెప్పేది.

నేను రోజూ పది గంటలకి షెడ్‌లో ఒక చుట్టు తిరిగేదాన్ని. నేను గడప దాటగానే మారక్క తన వంతు ముగించి ఆగేది. షెడ్ అంతా ఆగేది. "ఏమక్కా, అంతా సరిగ్గా నడుస్తా ఉందా?" అని నేను అనేదాన్ని. అప్పుడు ఎస్తరు ఎత్తుకునేది, పాట మళ్లీ సాగేది. నన్ను చూసి ఇంతమంది నోరు మూస్తున్నారని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. ఇరవై నాలుగేళ్ల పిల్లకి, సోషల్ వర్క్‌లో ఎం.ఏ. పట్టా ఉన్నదానికి, అంతకంటే ఏం కావాలి?

నాకు కనబడనిది ఒకటుంది. ఎవరైనా పనికి రాకపోతే ఆమె వంతు వేరెవరూ పాడరు. ఆ జాగా వచ్చినప్పుడు అందరూ కాలితో నేల తడతారు, అంతే. మెట్టెలున్నవాళ్లకి మెట్టెల చప్పుడు, లేనివాళ్లకి మడమ చప్పుడు. ఒక వరుస పొడుగునా గొంతు లేకుండా ఆ చప్పుడే. తర్వాత మనిషి ఎత్తుకుంటుంది. ఒకరి వంతు అట్లా మూడు రోజులు ఖాళీగా పోతే, పాటలో ఆమెకి ముందున్న మనిషీ వెనకున్న మనిషీ కలిసి ఆమె ఇంటికి పోయి రావాలి. ఇది కట్టుబాటు. ఎవరు పెట్టారో వాళ్లకీ తెలియదు.

ఒకసారి ఎస్తరు కాలిమీద వేడినీళ్లు పడ్డాయి. మూడు రోజులు చూసి మారక్క, రాజామణి పోయారు. మారక్క ఎస్తరు ఇంట్లో చుక్క నీళ్లు ముట్టదు. అందుకని సీసాలో తన ఇంటి నీళ్లు తీసుకునే పోయింది. పోయి, ఎస్తరు కాలు తన ఒళ్లో పెట్టుకుని మందు రాసింది, లీవు చీటీ రాయించి తెచ్చింది. కాలు ముట్టుకోవచ్చు, నీళ్లు ముట్టుకోకూడదు అనే శాస్త్రం ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు. కలిసి పాడితే జాతులు కరిగిపోతాయని ఎవరైనా సభలో చెప్తే లేచి వచ్చేయండి. మా షెడ్‌లో ఏదీ కరగలేదు. కానీ నీళ్లు తాగనని చెప్పి ఇంటికి పోవడం మానలేదు కూడా. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మన ఉద్యోగం ఆ మనిషితోనే, పుస్తకంలో ఉండే మనిషితో కాదు.

నేను చేసిన బాగు

మిల్లుల మధ్య కార్మికుల పాటల పోటీ పెట్టారు. మా మేనేజరు, మధురైలో ముప్పై ఏళ్లు మిల్లు చూసి వచ్చిన పెద్దమనిషి, నన్ను పిలిచి మన తరఫున ఏమైనా చేయమ్మా అన్నారు. ఆయన కాగితం మీద లేనిది నమ్మేవాడు కాదు, కాగితం మీద ఉన్నదాన్ని తప్పనేవాడు కాదు. నాకు ఆ రెండో గుణం ముఖ్యమని అప్పుడు తోచలేదు.

నేను రంగంలోకి దిగాను. ఇరవై ఆరు గొంతుల్లో మంచివి పన్నెండు ఏరాను. తక్కిన పద్నాలుగు మందిని చప్పుడు చేయకుండా పని చూసుకోమన్నాను. వరుస వాళ్లదే ఉంచి, కోడి, పాలు, సంకటి తీసేసి, శ్రమ గొప్పదనం మీద నేనే పన్నెండు పాదాలు రాశాను. "నూలు తీయు చేతులే లోకానికి వలువలు" అని ఒక పాదం. చేతులు వలువలెట్లా అవుతాయో ఇప్పటికీ నాకు తెలియదు. రాజామణి అప్పుడే అడిగింది. కవిత్వంలో అట్లా వస్తుందని కసిరాను.

అది తెలుగు అక్షరాల్లో రాసి తలా ఒక కాగితం ఇచ్చాను. నేను మా తాత దగ్గర కూర్చుని తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నదాన్ని, ఆ పొగరు ఒకటి. వాళ్లు చదివిన నాలుగైదు తరగతులూ తమిళంలో. ఆ కాగితాలు రెండు రోజుల్లో టిఫిన్ డబ్బాల కింద నూనె పీల్చుకుంటూ కనబడ్డాయి. మారక్క మాత్రం తన కాగితం బొడ్లో దోపుకుని తిరిగేది. చదవడానికి కాదు, నా మనసు నొచ్చుకోకూడదని.

అసలు ఘనకార్యం ఇంకొకటి. పోటీ రోజు ఎవరైనా రాకపోతే? మిల్లులో దానికి జవాబు ఎప్పుడో ఉంది. పర్మనెంటు మనిషి రాని రోజు ఆ మిషన్ మీద బద్లీ మనిషిని నిలబెడతారు. యంత్రం ఆగకూడదు. నేను పాటకూ అదే చేశాను. పన్నెండు వంతులకూ తలా ఒక బద్లీ. ఎస్తరు వంతుకి రాజామణి, రాజామణి వంతుకి ఇంకొకరు, ఇట్లా పట్టిక వేసి గోడకి అంటించాను. పోటీ అయ్యేదాకా షెడ్‌లో వేరే పాట వద్దన్నాను. మడమలు తట్టడం చూసి, అది తాళం తప్పడమనుకుని, "ఆ ఖాళీలు ఉండకూడదు, నిండుగా రావాలి" అని ఆర్డరు వేశాను.

మారక్క ఒకసారి నెమ్మదిగా చెప్పి చూసింది, అమ్మిణీ, రానివాళ్ల వంతు పాడేది మాకు అలవాటు లేదు అని. నేను పోటీ నియమాల గురించి పావుగంట ప్రసంగం చేశాను. ఆమె, బిడ్డను పిలిచినట్టు, "సరి కన్నూ" అని నూలు వైపు తిరిగింది. మీకంటే పెద్దదైన కార్మికురాలు మీతో వాదించకుండా "సరి" అంటే, అక్కడే ఆగండి. అది ఒప్పుకోవడం కాదు. నేను ఆగలేదు.

పట్టుచీరలో పెట్టిన సంతకం

ఎస్తరు ఒక శనివారం పని దిగి, కినత్తుకడవులో అక్కను చూడడానికి పోయింది. భర్త లేడు, పిల్లలు లేరు. మిల్లు పక్క వీధిలో ఒంటి గది. సోమవారం రాలేదు. రాజామణి బద్లీ పాడింది. మంగళవారం, బుధవారం కూడా. పాట ఏమాత్రం ఒరగలేదు. ఎంత క్రమశిక్షణ, అని నేను మురిసిపోయాను.

చెప్పకుండా వరుసగా పది రోజులు రాకపోతే పేరు కొట్టేయడం మా మిల్లు రూలు. కొట్టేసే ముందు ఆ జాబితా వెల్ఫేర్ ఆఫీసర్ దగ్గరికి వస్తుంది. ఆమె ఇంటికి మనిషిని పంపి విచారించి, ఏమైందో రాసి సంతకం పెట్టాలి. నా ఉద్యోగంలో నిజంగా ఒకరి బతుకును పట్టి ఉంచే పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ జాబితా పోటీ రోజు పొద్దున వచ్చింది. బయట వ్యాను నిలబడి ఉంది. పట్టుచీర నలుగుతుందని కూర్చోకుండానే, "విచారించినాము, సమాచారం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఎవరి పేర్లున్నాయో చూడలేదు. మాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ ఫోటో అప్పటిదే. అందులో ఎస్తరు లేదు, ఆమె జాగాలో రాజామణి ఉంది. అంతమంది అన్నిసార్లు చేతులు మార్చి చూశారు కదా, ఎవరూ అది చెప్పలేదు. జాగా నిండి ఉంటే లేని మనిషి కనబడదు.

ఎస్తరు పదిహేనో రోజు వచ్చింది. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. అక్క ఇంట్లో కామెర్లతో పడిపోయిందట. అక్కకి అక్షరం రాదు, మిల్లుకి కబురు పెట్టే దారి తెలియదు. ఎస్తరుకి మాత్రం ఆ భయమే లేదు. మూడో రోజుకి మారక్క, రాజామణి ఎట్లాగూ తన గది దగ్గరికి వస్తారు, పక్కింటివాళ్లు కినత్తుకడవు అని చెప్తారు, లీవు చీటీ అవుతుంది. జ్వరంలో ప్రతి పొద్దూ గుమ్మం వైపే చూసిందట. గేటు దగ్గర వాచ్‌మాన్ ఆమెను ఆపి, నీ పేరు లేదన్నాడు. పందొమ్మిదేళ్ల సర్వీసు.

నేను షెడ్‌లోకి ఉరికాను. ఇన్ని రోజులు ఒక మనిషి రాకపోతే ఒక్కరైనా పోయి చూడలేదేమని అందరి మీదా అరిచాను. అరవడంలో నాకు బద్లీ అక్కర్లేదు. మారక్క యంత్రం ఆపి, నూలు చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మేమేమి కంటిమి అమ్మిణీ? ఆమె జాగాలో బద్లీని పెట్టింది నువ్వు. నీకు చెప్పే పోయిందనుకొంటిమి. పాట నిండుగా ఉండె. నిండుగా ఉంటే ఎవరు లేచి చూస్తారు?"

ఆ కట్టుబాటు సంగతి, మడమల సంగతి, మూడు రోజుల సంగతి ఆ పొద్దే మొదటిసారి నాకు చెప్పింది. నేను గోడకి అంటించిన పట్టిక ఆమె వెనకే ఉంది.

మూడు రోజుల పిరికితనం

మేనేజరు దగ్గరికి పోయి రూలు కఠినం అని వాదించాను. మానవత్వం అన్నాను, కార్మిక చట్టం అన్నాను, ఎం.ఏ.లో చదివిన ప్రతి ముక్కా వాడాను. ఆయన జాబితా తీసి నా ముందు పెట్టారు.

"విచారించినామని రాసింది నువ్వే కదమ్మా. నీ సంతకాన్ని నమ్మి పేరు కొట్టినాను. నువ్వు నిజంగా మనిషిని పంపించి ఉంటే రూలు రూలే. పంపించి ఉండకపోతే, అది వేరే మాట. పంపించినావా?"

పంపించలేదు అని ఒక్క మాట అంటే ఎస్తరు పేరు మళ్లీ ఎక్కించే దారి తెరుచుకుంటుంది, నా పేరు పోయే దారి కూడా తెరుచుకుంటుంది. ఆలోచించుకొని చెప్తానన్నాను. ఎంత నీచమైన మాటో చూడండి. పంపించానో లేదో ఆలోచించుకోవడానికి ఏముంది?

మూడు రోజులు ఆలోచించాను. పది గంటలకి షెడ్‌కి పోవడం మానేసి, వెనక దారిన క్యాంటీన్ మీదుగా తిరిగాను. ఎస్తరు రోజూ గేటు బయట వేపచెట్టు కింద కూర్చునేది. నన్ను చూస్తే లేచి నిలబడేది. తిట్టినా బాగుండేది. మేడమ్ ఏదో చేస్తున్నారని వాచ్‌మాన్‌తో నమ్మకంగా చెప్పిందట.

నాలుగో రోజు మారక్క భోజనం బెల్లు టైములో నా గదికి వచ్చింది. అంతవరకూ ఆమె నా గదిలోకి ఎప్పుడూ రాలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అందులో సగం నా మీద జాలితో వచ్చినవే.

"ఏడ్చేది తర్వాత ఏడువు కన్నూ. రాసింది నువ్వు. నువ్వే కొట్టేసి రాయి."

రాశాను. మనిషిని పంపించలేదు, విచారించకుండా సంతకం పెట్టాను, ఆ పేరు నా తప్పు వల్ల పోయింది అని. మేనేజరు చదివి, ఈ సంతకం నిజమైతే నీ పాత సంతకాలన్నీ ఏం చేసేది అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అప్పటి నుంచి ప్రతి జాబితాకీ నేనే ఇంటింటికీ నడిచాను. కారమడ దాకా బస్సులో పోయిన రోజులున్నాయి. నా మీద మెమో వచ్చింది, ఉద్యోగం మాత్రం మిగిలింది.

ఎస్తరు ఉద్యోగం సగమే మిగిలింది. పై ఆఫీసు ఆమెను తిరిగి తీసుకుంది, కానీ పాత సర్వీసు కలపలేదు. పందొమ్మిదేళ్లు చేసిన మనిషి బద్లీగా, రోజూ గేటు దగ్గర పిలుపు కోసం నిలబడే మనిషిగా వచ్చింది. పాటకి బద్లీ పెట్టిన నేను చివరికి ఆ మనిషినే బద్లీ చేశాను. రెండేళ్లకి పర్మనెంటు అయింది. మిల్లు మూసేసినప్పుడు ఆ పందొమ్మిదేళ్లు ఏ కాగితంలోనూ లేవు. కథ చెప్పేవాళ్లు ఈ భాగం ఎప్పుడూ చెప్పరు.

పది గంటలకి

నేను పట్టిక చింపేశాను. పాట పాడమని కానీ వద్దని కానీ మళ్లీ అనలేదు. కొన్ని రోజులు షెడ్ నిశ్శబ్దంగానే ఉండింది. తర్వాత ఒక పొద్దు కోడి కూసింది, పాలు పొంగాయి. ఎస్తరుకి లోపలికి పిలుపు రాని రోజుల్లో ఆమె వంతు ఏం చేయాలని తగువు వచ్చిందట. వచ్చింది కదా, గేటు బయట ఉంది, ఖాళీ ఎట్లా అవుతుందని రాజామణి వాదన. లోపల లేదు కాబట్టి తట్టాల్సిందేనని మారక్క. మారక్కే గెలిచింది. అన్ని రోజులు తట్టారు, స్పిన్నింగ్ హాల్ మేస్త్రీ వచ్చి ఏమి ఈ చప్పుడని అడిగేదాకా తట్టారు.

నేను మాత్రం పోలేదు. సిగ్గు. ఒకరోజు క్యాంటీన్ దగ్గర మారక్క అడ్డం వచ్చి, పది గంటలకి వచ్చేదానివి ఏమైతివి, రా, అంది. పోయాను. గడప దాటగానే మారక్క తన వంతు ముగించి ఆగింది. షెడ్ ఆగింది. నేను "ఏమక్కా, అంతా సరిగ్గా నడుస్తా ఉందా?" అన్నాను. ఎస్తరు ఎత్తుకుంది. ఇంకా భయపడుతున్నారే అనుకున్నాను. మెమో తిన్న ఆఫీసరుని చూసి ఎవరు భయపడతారని తోచడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎం.ఏ. చదివినవాళ్లకి కొన్ని ఆలస్యంగా ఎక్కుతాయి.

కొన్నేళ్ల తర్వాత నాకు కడుపు ఆపరేషన్ అయింది. మిల్లులో ఎవరికీ చెప్పలేదు, మేనేజరుకి ఒక కాగితం పంపానంతే. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి నాలుగో రోజు ఇంటికి వచ్చి పడుకున్నాను. ఆ సాయంత్రం తలుపు తట్టారు. మారక్క, ఎస్తరు. ఎస్తరు చేతిలో నాలుగు జామకాయలు, మారక్క సంచిలో నీళ్ల సీసా. ఇద్దరూ మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగారు. మా తమ్ముడి ఏడుపు కథ విని పళ్లు లేని నోటితో మారక్క కడుపారా నవ్వింది. ఎందుకొచ్చారని నేను అడగలేదు. వెల్ఫేర్ ఆఫీసరుని చూసిపోవడానికి పనివాళ్లు రావడంలో వింతేముందని అనుకున్నాను. వాళ్లు బస్సెక్కి పోయాక చాలాసేపటికి, ఇరవై ఆరు మందిలో ఆ ఇద్దరే ఎందుకు వచ్చారన్నది తలలోకి వచ్చి కూర్చుంది. ఒకరు నేను గడప దాటినప్పుడు ఆగే మనిషి. ఇంకొకరు నా మాట అయ్యాక ఎత్తుకునే మనిషి.

అమ్మాయీ, మీ శుక్రవారం పాటల్లో ఎవరు రాలేదో మీకు తెలుస్తుందా? తెలియకపోతే అది పాట కాదు, రేడియో.

మారక్క ఇప్పుడు లేదు. ఎస్తరు కినత్తుకడవులో అక్క దగ్గర ఉంటుంది. ఫోన్లో ఒక సంగతి రెండుసార్లు అడిగాను. "మీరు ఇంకా ఆరాలు తీస్తానే ఉండారు మేడమ్" అని నవ్వి, కొబ్బరికాయలు కావాలంటే పంపిస్తానంది. ఆమె పందొమ్మిదేళ్లు పోగొట్టినదాన్ని నేను. పాటలో ఆమె పక్కన జాగా అడిగే హక్కు నాకు లేదు. అయినా నాకు తెలియాలి. నేను ఆస్పత్రిలో ఉన్న ఆ మూడు రోజులూ, పది గంటలకి, మారక్క వంతుకీ ఎస్తరు వంతుకీ నడుమ, ఆ షెడ్‌లో మడమలు తట్టారా?